కొత్తవాళ్ల కాపీ ఎవరు చూస్తారో ముందు తేల్చండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిజిటల్ మీడియా సంస్థలో డెస్క్‌కు (వార్తలు రాసి, దిద్ది సైట్‌లో పెట్టే విభాగం) ఐదుగురు కొత్తవాళ్లను తీసుకున్నారు. రెండు వారాలు క్లాసులు పెట్టి సీఎంఎస్ (సైట్‌లో వార్తలు ఎక్కించే సాఫ్ట్‌వేర్), ఎస్ఈవో (సెర్చ్‌లో వార్త పైన కనిపించేలా చూడటం), సోషల్ మీడియా, వీడియో అన్నీ చెప్పించారు. మూడు నెలలైనా వాళ్లు రాసింది సీనియర్లు మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వస్తోంది. ఇద్దరు మానేశారు. మిగిలిన ముగ్గురినీ ఎలా దారిలో పెట్టాలి, ఇకముందు వచ్చేవాళ్లకు ట్రైనింగ్ ఎలా ఉండాలి?

డిజిటల్ డెస్క్‌లు చాలాకాలంగా నడుపుతున్నాను. కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత కూడా ఎక్కువగా నా మీదే పడుతూ వచ్చింది. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

"సీనియర్లు మళ్లీ రాయాల్సి వస్తోంది" అన్నారు చూశారా, సమస్య అక్కడే ఉంది. సీనియర్ ఆ కాపీ, అంటే కొత్తవాళ్లు రాసి ఇచ్చిన వార్త, తీసుకుని, విసుక్కుంటూ తిరగరాసి, పబ్లిష్ కొట్టేసి తన పనిలో పడిపోతాడు. రాసిన కుర్రాడికి తన కాపీ ఏమైందో తెలియదు. కాసేపయ్యాక సైట్‌లో చూసుకుంటే హెడ్డింగ్ తనది కాదు, మొదటి పేరా తనది కాదు. ఎందుకు మారిందో ఎవరూ చెప్పరు, అడగాలంటే భయం. మర్నాడు అచ్చం అలాగే రాస్తాడు. ఇలా మూడేళ్లు గడిచినా మార్పు రాదు. పైగా ఈ మూడు నెలల్లో అతను ఒకటి మాత్రం బాగా నేర్చుకుని ఉంటాడు: ఎలా ఇచ్చినా సరిచేసుకునేవాళ్లు ఉన్నారని.

నా దృష్టిలో కొత్తవాళ్ల ట్రైనింగ్‌లో ముందు తేల్చాల్సిన ప్రశ్న ఒకటే. ఫలానా మనిషి రాసింది రోజూ ఎవరు చదువుతారు, ఎందుకు మార్చారో అదే రోజు ఎవరు చెబుతారు? దీనికి ఒక పేరు చెప్పలేకపోతే సిలబస్ ఎంత బాగున్నా లాభం లేదు.

క్లాసులు వద్దని కాదు. రెండు వారాలు వరుసగా పెట్టడం దండగ. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చెప్పాడు: కొత్తగా గుర్తుపెట్టుకున్నదాంట్లో చాలా భాగం మొదటి కొన్ని గంటల్లో, మొదటి ఒకటి రెండు రోజుల్లో జారిపోతుంది. మధ్యలో విరామం ఇచ్చి మళ్లీ మళ్లీ చూసుకున్నదే నిలుస్తుంది. మొదటి వారంలో చెప్పిన కానానికల్ ట్యాగ్ (ఒకే వార్త పలు లింకుల్లో ఉంటే ఏది అసలుదో సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే గుర్తు) ఎనిమిదో వారంలో అవసరం పడితే ఎవరికి గుర్తుంటుంది? గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పినట్టే.

మొదటి మూడు రోజులకు నేను పెట్టేది చాలా తక్కువ. సీఎంఎస్ లాగిన్, షిఫ్ట్ ఎలా నడుస్తుంది, ఏ సందేహానికి ఎవరిని అడగాలి, దేన్ని ముట్టుకోకూడదు, తప్పు దొరికితే ఏం చేయాలి. ఇంతే. ముట్టుకోకూడనివి అంటే, ఉదాహరణకు పబ్లిష్ అయిన వార్త యూఆర్ఎల్. హెడ్డింగ్ మార్చాం కదా అని యూఆర్ఎల్ కూడా మార్చేస్తే, పాత లింకును కొత్తదానికి మళ్లించే రీడైరెక్ట్ పెట్టకపోతే అప్పటికే షేర్ అయిన లింకులన్నీ చచ్చిపోతాయి. ఇది తెలియక చేసే కొత్తవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

పాస్‌వర్డ్‌ల సంగతి కూడా మొదటి రోజే చెప్పాలి, అదీ గట్టిగా. 2013 ఏప్రిల్ 23న అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ట్విటర్ ఖాతా హ్యాకర్ల చేతికి వెళ్లింది. వైట్‌హౌస్‌లో పేలుళ్లు జరిగాయని వాళ్లు ఒక ట్వీట్ పెట్టారు. అది అబద్ధమని తేలేలోపు అమెరికా స్టాక్ మార్కెట్ ధడాలున పడి మళ్లీ లేచింది. దానికి ముందు ఆ సంస్థ ఉద్యోగులకు, పాస్‌వర్డ్‌లు రాబట్టడానికి నమ్మించే ఈమెయిళ్లు వచ్చాయి. కొత్తవాళ్లకు ఈ ఒక్క సంగతి చెబితే, రెండంచెల వెరిఫికేషన్ ఎందుకు ఆన్ చేయాలో వేరే స్లైడ్ అక్కర్లేదు.

నాలుగో రోజుకల్లా నిజమైన వార్త చేతికివ్వండి. చిన్నదే ఇవ్వండి, కానీ సైట్‌లోకి వెళ్లేది ఇవ్వండి. ప్రాక్టీసు కోసం రాయించే ఉత్తుత్తి కాపీల మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు, రాసేవాళ్లకీ ఉండదు, చూసేవాళ్లకీ ఉండదు.

ఇక దిద్దడం ఎలా అన్నది. దీని గురించే ఎక్కువ చెప్పాలి. కొత్తగా వచ్చిన అమ్మాయి ఇలా ఒక కాపీ ఇచ్చిందనుకోండి.

హెడ్డింగ్: "షాకింగ్.. వంతెనపై ఊహించని ఘటన! అసలేం జరిగిందంటే.."

మొదటి పేరా: "మంగళవారం ఉదయం వంతెనపై చోటుచేసుకున్న ఘటన స్థానికంగా కలకలం రేపింది. వివరాల్లోకి వెళితే.."

మూడో పేరాలో ఎక్కడో: "ఈ ప్రమాదంలో ముగ్గురు గాయపడినట్లు తెలుస్తోంది."

సీనియర్ దీన్ని ఒక్క నిమిషంలో తిరగరాయగలదు. నేర్పేదైతే మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. నేను చూసిన మంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లు దాదాపు ఇలాగే మాట్లాడతారు:

"నీ ఫ్రెండ్ ఆ రూట్లోనే ఆఫీసుకు వెళ్తుందనుకో. ఫోన్ చేసి ఏం చెబుతావ్?"

"వంతెన మీద లారీ బోల్తా పడింది, ట్రాఫిక్ ఆగిపోయింది, అటు రావద్దని చెబుతాను మేడం."

"అదే కదా వార్త. మరి హెడ్డింగ్‌లో లారీ ఎక్కడుంది?"

"లేదు మేడం."

"సరే. ముగ్గురికి గాయాలని ఎవరు చెప్పారు?"

"వాట్సాప్ గ్రూప్‌లో వచ్చింది."

"గ్రూప్‌లో పెట్టినవాళ్లు అక్కడున్నారా? పోలీసులు చెప్పారా? ఆస్పత్రి వాళ్లు చెప్పారా? ఒక ఫోన్ కొట్టి కనుక్కో. తెలిసేదాకా ఆ లైన్ తీసేద్దాం. హెడ్డింగ్ మాత్రం ఇప్పుడే నువ్వే మార్చు."

ఆ అమ్మాయి "వంతెనపై లారీ బోల్తా.. రెండు వైపులా నిలిచిన ట్రాఫిక్" అని మార్చింది. అయిపోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇందులో రెండు విషయాలు గమనించండి. మార్చింది ఆ అమ్మాయే, సీనియర్ కీబోర్డు ముట్టుకోలేదు. రెండోది, ఆ కాపీలో పది లోపాలున్నా సీనియర్ రెండే పట్టుకుంది. పదీ చెబితే ఒక్కటీ గుర్తుండదు, ఏడుపు మాత్రం వస్తుంది. మిగతా ఎనిమిదీ ఈసారికి సీనియర్ నిశ్శబ్దంగా సరిచేయవచ్చు. ముందు పట్టుకోవాల్సినవి నిజానిజాలు, సోర్సు, హెడ్డింగ్. శైలి తర్వాత. కామాల మీద పడిపోయే సీనియర్లు ప్రతి డెస్క్‌లోనూ ఉంటారు. నేర్పే పని మాత్రం వాళ్లకు అప్పగించకండి.

"వివరాల్లోకి వెళితే", "కలకలం రేపింది", "సర్వత్రా చర్చనీయాంశమైంది" లాంటివి కొత్తవాళ్లు కావాలని రాయరు. వాళ్లు ఉద్యోగంలో చేరకముందు చదివిన సైట్లన్నీ అలాగే రాస్తాయి, వార్త అంటే అదే భాష అనుకుంటారు. తిట్టి లాభం లేదు. మీ సైట్‌లో బాగా వచ్చిన వార్తలు ఒక ఇరవై ఏరి ఫోల్డర్‌లో పెట్టి, ఖాళీ దొరికినప్పుడల్లా చదివించండి. స్టైల్ గైడ్ కంటే ఇదే ముందు పని చేస్తుంది. స్టైల్ గైడ్ సందేహం వచ్చినప్పుడు తీసి చూసుకునే పుస్తకం, దాన్ని మొదటి పేజీ నుంచి చదవమంటే నిద్రొస్తుంది.

షిఫ్ట్ హడావిడిలో ప్రతిసారీ పక్కన కూర్చోబెట్టుకోవడం కుదరదు, నిజమే. అందుకే షిఫ్ట్ చివర పావుగంట కేటాయించండి. చాలా సీఎంఎస్‌లలో రివిజన్ హిస్టరీ ఉంటుంది. కొత్తవాళ్లు ఇచ్చిన వెర్షన్, పబ్లిష్ అయిన వెర్షన్ పక్కపక్కన తెరిచి, "ఇది ఎందుకు మార్చామో నువ్వే చెప్పు" అని అడగండి. ఇక్కడ అడగడం ముఖ్యం. అమెరికాలో 1940లో యుద్ధ పరిశ్రమల కోసం మొదలుపెట్టిన శిక్షణ కార్యక్రమంలో పని నేర్పడానికి నాలుగు మెట్లు పెట్టారు: మనిషిని సిద్ధం చేయడం, పని చూపించడం, అతనితో చేయించడం, తర్వాత కనిపెట్టుకుని ఉండటం. మూడో మెట్టులో పని చేయించడంతో సరిపెట్టలేదు, చేస్తూ ముఖ్యమైన అంశాలు నోటితో చెప్పించేవాళ్లు. ఆఫీసుల్లో ఎగిరిపోయేది సరిగ్గా ఇదే. మనం చూపిస్తాం, వాళ్లు తలూపుతారు, అర్థమైందనుకుంటాం.

ఏ రోజు ఏ తప్పు దొరికిందో ఒక షీట్‌లో రాసిపెట్టండి. పేరు, తేదీ, తప్పు రకం, అంతే. నెల తిరిగేసరికి చిత్రం కనిపిస్తుంది. ఒక్కరే మళ్లీ మళ్లీ చేస్తున్న తప్పయితే వాళ్లతో విడిగా కూర్చోవాలి. అందరూ చేస్తున్న తప్పయితే అప్పుడు క్లాసు పెట్టండి. వాళ్ల కాపీల్లోంచే ఉదాహరణలు తీసి, పేర్లు తీసేసి, గంటసేపు చెప్పండి. క్లాసు ఎప్పుడు పనికొస్తుందంటే ఇలాంటప్పుడే. అప్పటికే దెబ్బ తిని ఉంటారు కాబట్టి వింటారు.

తర్వాతది, పబ్లిష్ బటన్ ఎవరి చేతికి ఎప్పుడు ఇవ్వాలి. కొన్ని చోట్ల మొదటి రోజే అందరికీ ఎడిటర్ యాక్సెస్ ఇచ్చేస్తారు, ఎవరు మళ్లీ మళ్లీ మారుస్తారని. కొన్ని చోట్ల ఏడాదైనా ఇవ్వరు. రెండూ చేటే. వర్డ్‌ప్రెస్‌లో ఈ మెట్లు ముందే ఉన్నాయి: కంట్రిబ్యూటర్ రాయగలరు కానీ పబ్లిష్ చేయలేరు, ఆథర్ తన వార్తల్ని పబ్లిష్ చేసుకోగలరు, ఎడిటర్ అందరివీ ముట్టుకోగలరు. మీ సీఎంఎస్ ఏదైనా ఈ పద్ధతి పెట్టుకోవచ్చు. నేనైతే కొత్తవాళ్లకు ముందు డ్రాఫ్ట్ వరకే ఇస్తాను. వరుసగా కొన్ని కాపీలు పెద్ద మార్పుల్లేకుండా వెళ్తే వాతావరణం, షెడ్యూళ్లు, ఫలితాల లాంటి రొటీన్ వార్తలు సొంతంగా పబ్లిష్ చేయనిస్తాను. ఆ మెట్టు ఎక్కిన రోజు డెస్క్ గ్రూప్‌లో అందరికీ తెలిసేలా చెబుతాను. చిన్న విషయమే, కానీ జీతం పెరిగినంత సంతోషిస్తారు.

మరణవార్తలు, కోర్టు వార్తలు, పిల్లలకు సంబంధించినవి, మత ఘర్షణలు, పుష్ నోటిఫికేషన్లు మాత్రం ఎంత సీనియరైనా రెండో మనిషి చూడకుండా వెళ్లకూడదు. పుష్ నోటిఫికేషన్ ఎందుకంటే అది ఫోన్లకు వెళ్లిపోయాక వెనక్కి రాదు. 2018 జనవరి 16న జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే, ఉత్తర కొరియా క్షిపణి ప్రయోగించిందని, జనం తలదాచుకోవాలని పొరపాటున అలర్ట్ పంపింది. ఐదు నిమిషాల్లోపే సరిదిద్దుకుని క్షమాపణ చెప్పింది. కొత్తవాళ్లకు ఈ కథలో రెండు సగాలూ చెబుతాను. అంత పెద్ద సంస్థలో కూడా వేలు జారుతుందన్నది ఒక సగం. ఐదు నిమిషాల్లో సరిదిద్దుకోగలిగారంటే తప్పు చెప్పినవాడి మీద ఎవరూ అరుస్తూ కూర్చోలేదనే నా ఊహ, అది రెండో సగం. మీ డెస్క్‌లో తప్పు దొరికిన కుర్రాడు ముందు మీకు చెబుతాడా, గుట్టుచప్పుడు కాకుండా మార్చేసి ఊరుకుంటాడా? ఇది మీరు తిట్టే తీరును బట్టి ఉంటుంది. సవరణ వేసిన వార్త కింద "సవరించాం" అని రాసే అలవాటు మీ సీనియర్లకు ఉంటే కొత్తవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వెరిఫికేషన్ మాత్రం క్లాసులో చెబితే రాదు, చేయించాలి. వారానికి అరగంట ఆటలా పెట్టండి. ఒక ఫొటో ఇచ్చి "ఇది నిజమా, ఎప్పటిది, ఎక్కడిది" అని వదిలేయండి. మొదటి వారానికి బాగా పనికొచ్చేది, వరద నీళ్లు నిండిన రోడ్డు మీద షార్క్ ఈదుతున్నట్టున్న ఫొటో. కారులోంచి తీసినట్టుంటుంది. 2011లో ఐరీన్ తుపాను అప్పుడు తిరిగింది, 2017లో హార్వీ తుపాను అప్పుడు మళ్లీ తిరిగింది, ఆ మధ్యలోనూ తర్వాతా ఎన్నో వరదలకు అంటించారు. ఆ షార్క్ అసలు దక్షిణాఫ్రికా సముద్రంలో కయాక్ వెనక వస్తున్న షార్క్ ఫొటోలోంచి కత్తిరించి అతికించినది. పిల్లలు ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి వెతుకుతారు, వందల ఫలితాలు వస్తాయి, అయోమయపడతారు. అప్పుడు ఫొటో ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో వెతికే టిన్‌ఐ సైట్‌లో వేసి "అన్నిటికన్నా పాతది" అనే వరుసలో పెట్టమనండి. ఈ తుపానుకి తీసిన ఫొటో, అంతకుముందు తుపాను అప్పుడే ఎలా ఉంది అన్న ప్రశ్న వాళ్ల నోటి నుంచే వస్తుంది. ఆ క్షణం కోసమే ఈ అరగంట.

తర్వాతి వారాల్లో కాస్త కష్టమైనవి ఇవ్వండి. వీడియో అయితే ఒక్కో ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి వెతకడం, బోర్డుల మీద అక్షరాలు చదవడం, నీడలు చూడటం, డిలీట్ చేసిన పేజీని, వెబ్ పేజీల పాత రూపాలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో వెతకడం. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో మెటాడేటా చూద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు తీసిన తేదీ, లొకేషన్ లాంటి వివరాలు ఊడిపోతాయి. అందుకే పంపినవాళ్లను అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగడం నేర్పాలి. ఇలాంటి చిట్కాలు ఏ సిలబస్‌లోనూ ఉండవు.

ఇక నంబర్లు. ఇక్కడ నాకు కాస్త గట్టి అభిప్రాయమే ఉంది. చాలా ఆఫీసుల్లో గోడ మీద పెద్ద స్క్రీన్ పెట్టి, ఇప్పుడు ఏ వార్తకు ఎన్ని వ్యూస్ వస్తున్నాయో పైనుంచి కిందికి చూపిస్తుంటారు. మీరు క్లాసులో విలువల గురించి ఎంత చెప్పినా కొత్తవాళ్లు రోజంతా చూసేది ఆ స్క్రీన్‌నే. "షాకింగ్" అన్న హెడ్డింగ్ పైన ఉంటుంది, కష్టపడి ఫోన్లు చేసి రాసింది ఎక్కడో కింద ఉంటుంది. సాయంత్రానికి పాఠం అర్థమైపోతుంది. మొదటి కొన్ని నెలలు కొత్తవాళ్ల పనిని వ్యూస్‌తో తూచకండి. టార్గెట్ అసలే పెట్టకండి.

అలాగని నంబర్లు దాచమనడం లేదు. చదవడం నేర్పమంటున్నాను. జనం ఏం వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో 100 అని కనిపిస్తే వంద మంది వెతికారని కాదు, మనం ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో అది గరిష్ఠ స్థాయి అని. 50 అంటే అందులో సగం. ఎంత మంది వెతికారన్నది అక్కడ ఉండనే ఉండదు. ఇది తెలియకుండానే "ట్రెండింగ్‌లో 100 ఉంది సార్" అని వార్త ఎత్తుకునేవాళ్లున్నారు. బౌన్స్ రేట్ కూడా అంతే. సైట్‌కు వచ్చేవాళ్ల లెక్కలు చూపే పాత గూగుల్ అనలిటిక్స్‌లో, ఒకే పేజీ చూసి, ఇంకేమీ నొక్కకుండా వెళ్లిపోతే అది బౌన్స్. పది నిమిషాలు కూర్చుని వార్త మొత్తం చదివినా బౌన్సే. ఆ పాత వెర్షన్ 2023 జూలై 1న ఆగిపోయింది. ఇప్పటి జీఏ4లో (గూగుల్ అనలిటిక్స్ 4) పది సెకన్లకు మించి ఉన్నా, రెండు పేజీలు చూసినా, సంస్థ ముఖ్యమని గుర్తుపెట్టుకున్న పనేదైనా చేసినా అది ఎంగేజ్డ్ సెషన్. మిగిలినవే బౌన్స్. రెండిటికీ పేరు ఒకటే, లెక్క వేరు. పాత రిపోర్టునూ కొత్త రిపోర్టునూ పక్కన పెట్టి "మన బౌన్స్ రేట్ భలే తగ్గింది" అని మీటింగులో ప్రెజెంటేషన్ ఇచ్చేవాళ్లు కొత్తవాళ్లే అయి ఉండాలని ఏమీ లేదు.

నంబరు ఇచ్చేవాడికీ సొంత లెక్కలుంటాయని కూడా చెప్పండి. ఫేస్‌బుక్ 2016లో ఒప్పుకుంది, జనం వీడియోలు సగటున ఎంతసేపు చూస్తున్నారో చెప్పే లెక్కలో మూడు సెకన్లలోపు వదిలేసినవాళ్లను కలపలేదని. అంటే సగటు ఉన్నదానికన్నా బాగా ఎక్కువగా కనిపించింది, అదీ దాదాపు రెండేళ్లపాటు. ఆ కాలంలోనే ఎన్నో సంస్థలు రాసేవాళ్లను తగ్గించి వీడియో టీములు పెంచాయి. డ్యాష్‌బోర్డులో ఏ సంఖ్య చూసినా "దీన్ని దేంతో భాగించారు" అని అడిగే అలవాటు అబ్బితే ఆ మనిషి సగం తయారైనట్టే.

కాపీరైట్ గురించి ఎక్కువ చెప్పను. గూగుల్‌లో దొరికిందంటే ఫ్రీ అని కాదు, కింద "సోర్స్: ఇంటర్నెట్" అని రాస్తే అనుమతి వచ్చినట్టు కాదు. షరతులతో వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో కూడా రకాలున్నాయి, ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు, యాడ్స్ నడిచే సైట్ దానికిందికి వచ్చే ప్రమాదం ఉంది. యూట్యూబ్‌లో, వీడియోలో వేరేవాళ్ల కంటెంట్‌ను ఆటోమేటిక్‌గా పట్టే కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరు, హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేయించే కాపీరైట్ స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే ఎక్కువగా యాడ్ డబ్బు పోతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు. ఈ తేడా వీడియో ఎడిటర్లకు మొదటి వారంలోనే తెలియాలి, ఎందుకంటే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టేది వాళ్లే.

ఏఐ సంగతి మీరు అడగలేదు, కానీ మీ ముగ్గురూ ఇప్పటికే వాడుతుంటారు, మీకు చెప్పకపోయినా. 2023 జనవరిలో సీనెట్ అనే టెక్నాలజీ సైట్, ఏఐతో రాయించిన 77 వార్తల్లో 41కి సవరణలు వేయాల్సి వచ్చింది. అవి ఎడిటర్లు చూశాక వెళ్లినవే. వాక్యం సాఫీగా ఉంటే చదివే కంటికి తప్పు ఆనదు. నేను పెట్టే నియమం: ఇంటర్వ్యూ ఆడియోను రాతలోకి మార్చడానికి, పెద్ద రిపోర్టులో ఏ పేజీలో ఏముందో వెతకడానికి వాడుకోవచ్చు, దొరికింది అసలు పేజీలో చూసుకోవాలి. మొదటి డ్రాఫ్ట్ మాత్రం చేత్తోనే రాయాలి, కనీసం మొదటి కొన్ని నెలలు. రాయడం రానివాళ్లకు ఏఐ రాసింది దిద్దడం ఎలా వస్తుంది?

ఇప్పుడు అసలు చిక్కు, నేర్పేది ఎవరు. బాగా రాసేవాళ్లు బాగా నేర్పుతారని ఏమీ లేదు. చాలామంది మంచి రైటర్లకు తాము ఎందుకు అలా రాశారో చెప్పడం రాదు. "చదువుతుంటే తెలిసిపోతుంది కదా" అంటారు. నేర్పడానికి ఓపిక ఉన్న మధ్యస్థాయి సబ్ ఎడిటర్ దొరికితే అదృష్టం. ఒకరికి ఇద్దరికన్నా ఎక్కువమందిని అప్పగించకండి. వాళ్లనూ వీళ్లనూ ఒకే షిఫ్ట్‌లో ఉంచండి. ఇది చెప్పనక్కర్లేదనుకుంటాం, కానీ రోస్టర్ వేసేటప్పుడు మొదట విడిపోయేది ఈ జంటే. కొత్తవాళ్లను రాత్రి షిఫ్ట్‌లో ఒంటరిగా వేయడం ఎంత టెన్షనో వేసేవాళ్లకు తెలియదు. ఏదో ఒక రాత్రి పెద్ద వార్త పడుతుంది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, ఆ మనిషి మర్నాటి నుంచి వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు.

నేర్పేవాళ్ల రోజువారీ టార్గెట్ తగ్గించాలి. రోజుకు పది వార్తలు చూసే సీనియర్‌కు ఇద్దరు కొత్తవాళ్లను ఇచ్చి, పదీ అలాగే చూడమంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు. తిరగరాసి పబ్లిష్ కొడతాడు. ఎందుకంటే ఆ క్షణానికి అదే తొందరగా అయ్యే పని. మీ సీనియర్ల తప్పు కూడా ఇందులో ఏమీ లేదు.

మానేసిన ఇద్దరి గురించి. జీతం అని చెప్పి ఉంటారు, అదీ ఉంటుంది. కానీ వాళ్ల మూడు నెలల పని తీసి చూడండి. ఎక్కువ భాగం వేరేవాళ్ల వార్తల్ని రీరైట్ చేయడం, ట్వీట్లు ఎత్తి పేరాలుగా మార్చడం అయి ఉంటుంది. ఉత్సాహంగా వచ్చిన మనిషికి ఇది మూడు వారాల్లో మొహం మొత్తుతుంది. వారానికి ఒక్కటి, తన ఆలోచన, తన ఫోన్ కాల్స్, తన పేరుతో వెళ్లే వార్త ఉండాలి. బాగా రాకపోయినా పరవాలేదు. ఆరేడు నెలలయ్యాక ఎవరి చేయి దేనివైపు మొగ్గుతోందో తెలుస్తుంది, డేటానా, వీడియోనా, లైవ్ బ్లాగా, సెర్చా. అప్పుడు ఆ పని తెలిసినవాళ్ల దగ్గరకు పంపండి. అందరికీ అన్నీ రావాలని పట్టుబట్టే సంస్థల్లో చివరికి ఎవరికీ ఏదీ లోతుగా రాదు.

ట్రైనింగ్ పనిచేసిందో లేదో ఎలా చూస్తారు? క్లాసు అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించి ఐదుకి నాలుగున్నర వచ్చిందని సంతోషించకండి. డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లో శిక్షణను కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, సంస్థకు ఫలితం వచ్చిందా. ఫారం చెప్పేది మొదటి మెట్టు గురించే. మీకు మూడోది కావాలి, దానికి మీ దగ్గర సామగ్రి ఉంది. వంద కాపీలు ఇస్తే ఎన్ని పెద్ద మార్పుల్లేకుండా వెళ్లాయి, పబ్లిష్ అయ్యాక సవరణ వేసినవి ఎన్ని. నెలనెలా ఈ రెండూ చూడండి. ఇవి కూడా మనుషుల్ని శిక్షించడానికి వాడారంటే పాడవుతాయి. సవరణలు దాచేస్తారు.

మిగిలిన ముగ్గురి విషయానికి వస్తే, కొత్తగా మొదలుపెట్టినట్టే మొదలుపెట్టండి. ఒక్కొక్కరి పాత కాపీలు పది తీయండి, పబ్లిష్ అయిన వెర్షన్లు పక్కన పెట్టండి. వాళ్లతో విడివిడిగా గంటసేపు కూర్చుని, ఇన్నాళ్లూ ఎందుకు మార్చామో చెప్పలేదు, ఇకనుంచి చెబుతామని నేరుగా అనండి. ఎవరికి ఎవరు చూస్తారో పేర్లతో రాసి రోస్టర్‌లోనే పెట్టండి. షిఫ్ట్ చివరి పావుగంటను కూడా రోస్టర్‌లోనే చూపించండి, లేకపోతే రెండో వారానికి మాయమవుతుంది. ఆరు వారాలు ఇలా నడిపి షీట్ చూడండి. ముగ్గురిలో ఒకరికి ఈ పని సరిపడదని తేలవచ్చు, అప్పుడు ఆ మాట దాచకుండా చెప్పి వేరే విభాగంలో చోటు చూడండి.

కొత్త బ్యాచ్ గురించి మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు క్లాసులకు బడ్జెట్ అడగకండి. నేర్పే సీనియర్ల టార్గెట్ తగ్గించమని అడగండి. ఇస్తే ఐదుగురిని తీసుకోండి. సగమే ఇస్తే ఇద్దరిని తీసుకోండి. అసలు ఇవ్వం అంటే ప్రస్తుతానికి ఎవర్నీ తీసుకోకుండా ఉన్నవాళ్లతోనే నెట్టుకురండి.